ఈహెచ్‌ఆర్, ఏఐ స్క్రైబ్ వచ్చాక ఎంటీ పని: కొత్తవాళ్లు చేరొచ్చా?

నైట్‌షిఫ్ట్_గుంటూరు:
అందరికీ నమస్కారం. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ (ఎంటీ, డాక్టరు చెప్పింది విని రిపోర్టుగా రాసే పని) కోర్సులో చేరొచ్చా అని బీఎస్సీ, బీఫార్మసీ అయిన పిల్లలు తరచూ అడుగుతున్నారు. "ఏఐ వచ్చేసింది, ఆ పని అయిపోయింది" అని ఒకరు, "ఇంగ్లీషు వస్తే ఎప్పటికీ ఢోకా లేదు" అని ఇంకొకరు చెబుతుంటే వాళ్లు ఎటూ తేల్చుకోలేకపోతున్నారు. ఫీజు కట్టకముందే వాళ్లకి నిజం తెలియాలి. ఏ పని పోయింది, ఏది మిగిలింది, మిగిలినదానికి ఏం నేర్చుకోవాలి? పనిలో ఉన్నవాళ్లు దయచేసి వివరంగా రాయండి.

పెడల్_65:
టైపింగ్ పోయింది. ఈ మాట చెప్పడానికి మొహమాటం అక్కర్లేదు. ఎలా పోయిందో తెలిస్తే ఏది మిగిలిందో కూడా తెలుస్తుంది.

ఎంటీకి డబ్బులు లైను లెక్కన. మామూలుగా స్పేసులతో కలిపి 65 క్యారెక్టర్లు ఒక లైను. 3,900 క్యారెక్టర్ల డిశ్చార్జ్ సమ్మరీ అంటే 60 లైన్లు. స్పేసులు లెక్కపెట్టని కాంట్రాక్టులో అదే రిపోర్టు దాదాపు 50 లైన్లే అవుతుంది. అందుకే ఎక్కడ చేరినా "మీ దగ్గర లైను అంటే ఎంత?" అని కాగితం మీద అడిగి తీసుకోవాలి.

అమెరికాలో 2009 ఫిబ్రవరిలో హైటెక్ చట్టం వచ్చింది. ఈహెచ్‌ఆర్‌ను, అంటే పేషెంట్ల ఎలక్ట్రానిక్ రికార్డును, సరిగ్గా వాడుతున్నట్టు చూపించిన డాక్టర్‌కి 2011 నుంచి మెడికేర్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) కింద ఐదేళ్లలో 44,000 డాలర్ల దాకా ఇచ్చారు. వాడనివాళ్లకి 2015 నుంచి చెల్లింపుల్లో కోత పెట్టారు. ఆసుపత్రులు వరసగా మారిపోయాయి. అసలు దెబ్బ అక్కడే తగిలింది, వాయిస్ రికగ్నిషన్ దగ్గర కాదు.

డిశ్చార్జ్ సమ్మరీలో మందుల జాబితా, ల్యాబ్ విలువలు, అలర్జీలు, వైటల్స్ ఇదివరకు డాక్టరు ఒక్కొక్కటే చదివితే మనం కొట్టేవాళ్లం. ఇప్పుడు ఈహెచ్‌ఆర్ వాటిని తనే తెచ్చి పెడుతుంది. ఎపిక్ అనే ఈహెచ్‌ఆర్‌లో డాట్ ఫ్రేజ్ (చుక్కతో మొదలయ్యే షార్ట్‌కట్ మాట) కొడితే ఫిజికల్ ఎగ్జామ్ మొత్తం వచ్చి కూర్చుంటుంది. ఇక డాక్టరు నోటితో చెప్పేది హెచ్‌పీఐ (ఇప్పటి జబ్బు ఎలా మొదలైంది), హాస్పిటల్ కోర్సు (ఆసుపత్రిలో ఏం జరిగింది), ఆ రెండే. 60 లైన్ల రిపోర్టులో మన చేతికొచ్చేది 20. ఆ తర్వాత ఆ 20 కూడా డ్రాగన్ మెడికల్ లాంటి వాయిస్ రికగ్నిషన్ సాఫ్ట్‌వేర్ డ్రాఫ్ట్ చేసి ఇవ్వడం మొదలైంది. ఎంటీ కాస్తా ఎడిటర్ అయ్యాడు, లైను రేటు దాదాపు సగానికి పడింది. గంటకి 150 లైన్లు కొట్టేవాళ్లు 300 ఎడిట్ చేస్తారనేది ఆ లెక్క. శుభ్రమైన ఆడియో అయితే చేస్తారు. యాస బలంగా ఉండి, వెనక ఐసీయూ మానిటర్ మోగుతుంటే డ్రాఫ్ట్ దిద్దడం కంటే మొదటినుంచి కొట్టుకోవడమే త్వరగా అవుతుంది. కానీ రేటు మాత్రం ఎడిటింగ్ రేటే.

ఫిల్మ్‌రూమ్:
అన్నిటికంటే ముందు ఖాళీ అయింది రేడియాలజీ. చాతీ ఎక్స్‌రే రిపోర్టులో వాడే మాటలు తక్కువ, వాక్యాలు అవే మళ్లీ మళ్లీ వస్తాయి, టెంప్లేట్ ముందే ఉంటుంది. పవర్‌స్క్రైబ్ అనే వాయిస్ సాఫ్ట్‌వేర్ మైకు పట్టుకుని రేడియాలజిస్టే చెప్పి, అక్కడే చూసి, సంతకం పెట్టేస్తాడు. మధ్యలో మనిషికి చోటు లేదు. ఎవరైనా ఇప్పుడు "రేడియాలజీ స్పెషల్ ఎంటీ కోర్సు" అంటే దూరంగా ఉండండి.

క్యూఏ_రెండోచెవి:
పెడల్ గారి లెక్కతో పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే చెవి పని పోలేదు. దానికి ఆధారం ఉంది. 2018లో జామా నెట్‌వర్క్ ఓపెన్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. 217 డిక్టేషన్లు తీసుకుని మూడు దశల్లో తప్పులు లెక్కపెట్టారు. మెషిన్ డ్రాఫ్టులో 7.4 శాతం. అంటే వంద మాటల్లో ఏడుకి పైగా. ట్రాన్స్‌క్రిప్షనిస్టు చూశాక 0.4 శాతం. డాక్టరు సంతకం పెట్టాక 0.3 శాతం. 7.4 నుంచి 0.4కి తెచ్చింది ఎవరో చూడండి. డాక్టరు చేత్తో తగ్గింది 0.1 మాత్రమే. మధ్యలో ఉన్న ఆ మనిషిని తీసేసి డాక్టరే చూసుకుంటాడు అనుకునే ఆసుపత్రి ఆ తేడాను ఎవరి నెత్తిన పెడుతోందో ఆలోచించాలి. నెత్తిన పడేది పేషెంట్‌కే.

అలబామా కేసు ఈ రంగంలో ఉన్న ప్రతివాళ్లూ తెలుసుకోవాలి. 2008లో ఒక పేషెంట్ డిశ్చార్జ్ సమ్మరీలో లెవెమిర్ ఇన్సులిన్ 8 యూనిట్లు ఉండాల్సింది 80 అని పడింది. ట్రాన్స్‌క్రిప్షన్ పని చేతులు మారి ఇండియాకి వచ్చింది. డాక్టరు చూసి సంతకం పెట్టకుండానే ఆ అంకె ముందుకు వెళ్లింది, ఆమె చనిపోయింది. 2012లో జ్యూరీ 14 కోట్ల డాలర్లు కట్టాలని తీర్పిచ్చింది. ఒక్క సున్నా.

నైట్‌షిఫ్ట్_గుంటూరు:
@క్యూఏ_రెండోచెవి గారూ, డ్రాఫ్ట్ ముందు పెట్టుకుని వింటే తప్పు కళ్లముందే ఉన్నా కనిపించడం లేదంటున్నారు పిల్లలు. దానికి మందేమిటి?

క్యూఏ_రెండోచెవి:
అది ఎడిటింగ్‌లో మొదటి గండం. కన్ను ముందే చదివేస్తుంది, చెవి తలూపేస్తుంది. స్క్రీన్ మీద "నో ఎవిడెన్స్" అని ఉంటే ఆడియోలో ఉన్న "న్యూ ఎవిడెన్స్" కూడా "నో" లాగే వినపడుతుంది. అందుకే వినే పద్ధతే మార్చుకోవాలి.

మొదట ఆడియో పెట్టకుండా డ్రాఫ్ట్ మీద ఒకసారి కన్ను వేసి నాలుగింటిని గుర్తు పెట్టుకోండి: అంకెలు, మందుల పేర్లు, కుడి ఎడమలు, "లేదు" అని చెప్పే మాటలు. తర్వాత ఆడియో 1.2 స్పీడులో పెట్టండి, కర్సర్ ఆడియో కంటే ముందుకు పోకూడదు. గుర్తు పెట్టుకున్న చోటుకి రాగానే ఆడియో నడిపే పెడల్ మీద కాలు తీసి, రెండు సెకన్లు వెనక్కి వెళ్లి, మామూలు స్పీడులో, స్క్రీన్ చూడకుండా వినండి. విన్నది ముందు, చూడటం తర్వాత. ఫిఫ్టీన్, ఫిఫ్టీ దగ్గర ఇది తప్పనిసరి. హైడ్రాలజీన్ బీపీకి, హైడ్రాక్సిజీన్ దురదకి; చెవికి అనుమానం వస్తే డయాగ్నసిస్ జాబితాలో బీపీ ఉందా, అలర్జీ ఉందా చూడాలి. సెలెబ్రెక్స్, సెలెక్సా కూడా అంతే. డిస్ఫేజియా అంటే మింగలేకపోవడం, డిస్‌ఫేసియా అంటే మాట రాకపోవడం. స్ట్రోక్ పేషెంట్‌కి రెండూ ఉండొచ్చు కాబట్టి సందర్భం కూడా కాపాడదు, వాక్యం చివరిదాకా వినాల్సిందే.

అప్పటికీ తేలకపోతే ఊహించకండి. బ్లాంక్ వదిలి, పక్కన టైమ్ రాసి, "సౌండ్స్ లైక్" అని ఫ్లాగ్ పెట్టి పంపండి. బ్లాంక్ వల్ల ఎవరికీ ప్రాణహాని లేదు.

స్కోరింగ్ కూడా చెబుతాను. చాలా ఆఫీసుల్లో క్రిటికల్ తప్పుకి 3 పాయింట్లు, మేజర్‌కి 1, మైనర్‌కి 0.25. లైన్లలోంచి పాయింట్లు తీసేసి లైన్లతో భాగిస్తారు. 60 లైన్ల రిపోర్టులో ఒక్క క్రిటికల్ పడితే 57 బై 60, అంటే 95 శాతం. గీత 98 దగ్గర ఉంటుంది. కామాలు ఎన్ని దిద్దినా ఒక్క డోసు తప్పితే రిపోర్టు ఫెయిలే. అలా ఉండటమే న్యాయం.

ల్యాప్‌టాప్_ట్రైనీ:
డిశ్చార్జ్ సమ్మరీ 24 గంటల్లో వెళ్లాలని అమెరికా చట్టమే ఉంది కదండీ, అందుకే మనుషులు అక్కర్లేదని మెషిన్లు పెడుతున్నారా?

వార్డు_రికార్డులు:
కాదండీ, రెండూ కలిసిపోయాయి. మెడికేర్ నిబంధనల్లో 24 గంటలు అన్నది హెచ్ అండ్ పీకి (హిస్టరీ, ఫిజికల్ ఎగ్జామ్ రిపోర్టు), అడ్మిషన్ నుంచి లెక్క. డిశ్చార్జ్ అయ్యాక రికార్డు మొత్తం పూర్తి కావడానికి 30 రోజులు. మీకు చెప్పిన 24 గంటలు కాంట్రాక్టులో రాసుకున్న టీఏటీ, అంటే రిపోర్టు తిరిగి ఇవ్వాల్సిన గడువు. స్టాట్ (అత్యవసర) రిపోర్టులకి అది ఇంకా తక్కువ, కొన్ని గంటలే.

క్లినిక్_నోట్:
అందరూ డిక్టేషన్ గురించే మాట్లాడుతున్నారు. ఇప్పుడు డిక్టేషనే పోతోంది. ఏఐ స్క్రైబ్ గదిలో జరిగే మాటలన్నీ విని నోట్ రాసేస్తుంది. మైక్రోసాఫ్ట్ 2022లో డ్రాగన్ తయారుచేసే న్యుయాన్స్‌ని కొనడం పూర్తిచేసింది, వాళ్ల డాక్స్ ఆ కోవదే. అబ్రిడ్జ్, సుకి, నాబ్లా కూడా అవే.

దీంట్లో తప్పుల జాతి వేరు. పాత వాయిస్ రికగ్నిషన్ మాటను తప్పు వినేది. తప్పు వాక్యం వికారంగా ఉండి కంటికి తగిలేది. ఇప్పటి నోట్‌లో ఇంగ్లీషు చక్కగా ఉంటుంది, తప్పు దాని వెనక దాక్కుంటుంది. చూడాల్సినవి ఇవి:

డాక్టరు పొట్ట నొక్కి చూసి పైకి ఏమీ అనలేదు. నోట్‌లో మాత్రం "అబ్డామెన్ సాఫ్ట్, నాన్‌టెండర్" అని వచ్చింది. ఆడియోలో లేని ఎగ్జామ్ ఏదైనా ఫ్లాగ్ చేయాలి, అది నిజమే అయ్యుండొచ్చని అనిపించినా సరే.

పక్కన కూర్చున్న కూతురు "నాకు షుగర్ ఉంది" అంటే అది తల్లి హిస్టరీలోకి వెళ్లిపోతుంది. గదిలో ముగ్గురు ఉంటే ఎవరు ఎవరో మెషిన్ తప్పుతుంది.

"అవసరమైతే వచ్చే నెల ఎంఆర్‌ఐ చూద్దాం" అన్నది ప్లాన్‌లో "ఎంఆర్‌ఐ ఆర్డర్డ్" అవుతుంది.

వదిలేసినవి పట్టుకోవడం అన్నిటికంటే కష్టం, ఎందుకంటే లేనిది కనిపించదు. పేషెంట్ తలుపు దగ్గర నిలబడి "అన్నట్టు డాక్టర్, రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయి" అంటాడు చూడండి, ఆ చివరి అర నిమిషం విడిగా వినాలి.

ఓపెన్‌ఏఐ వారి విస్పర్ మోడల్ మీద 2024లో వచ్చిన పరిశోధనలో సుమారు 1 శాతం ఆడియో ముక్కల్లో ఎవరూ అనని వాక్యాలు పుట్టుకొచ్చాయి. మాటల మధ్య మౌనం ఎక్కువున్న చోట అవి మరీ ఎక్కువ. మాట తడబడే పేషెంట్లు, వయసు మళ్లినవాళ్లు, ఆలోచించి ఆలోచించి చెప్పేవాళ్లు, వీళ్ల నోట్లు ముందు తనిఖీ చేయాలి.

ఇంకో ముఖ్యమైన విషయం. ఆడియో ఎన్నాళ్లు ఉంచుతారో మొదటిరోజే అడగండి. చాలా సెటప్పుల్లో కొన్నాళ్లకి చెరిపేస్తారు. ఆడియో లేకుండా నోట్ ఒక్కటే ఇచ్చి "క్వాలిటీ చూడండి" అంటే చూసేది ఇంగ్లీషునే, నిజాన్ని కాదు.

తెలుగు_ఓపీ:
ఇక్కడ మన భాష సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇండియాలో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబర్‌లో దేశమంతటా మొదలైంది. 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరు, ఆసుపత్రులు రికార్డులు పంచుకునే ఎఫ్‌హెచ్‌ఐఆర్ ఫార్మాట్‌లో డిశ్చార్జ్ సమ్మరీ, ఓపీ కన్సల్ట్ రికార్డు వచ్చాయి. ఈ రికార్డు ఎవరో ఒకరు రాయాలి. డాక్టరు తెలుగులో అడుగుతాడు, పేషెంట్ తెలుగులో చెబుతాడు, నోట్ ఇంగ్లీషులో ఉండాలి. మెషిన్ ఇంగ్లీషు ఎంత బాగా రాసినా మాటకి మాట మారిస్తే ఏమవుతుందో చూడండి.

"రెండేళ్ల కింద కడుపు తీయించుకుంది." అంటే అబార్షన్. మాటకి మాట పెడితే పొట్ట తీసేశారని, సర్జికల్ హిస్టరీలో గ్యాస్ట్రెక్టమీ అయి కూర్చుంటుంది. "కడుపు పోయింది" అంటే గర్భస్రావం.

"నీళ్లోసుకుంది" అంటే గర్భవతి. కొన్నిచోట్ల అదే మాటకి స్నానం చేసిందని అర్థం. "నెల తప్పింది", "బయట చేరింది", వీటిలో ఒక్క వైద్య పదం లేదు, కానీ ఎల్‌ఎంపీ (చివరి నెలసరి తేదీ) గడి నింపేది వీటితోనే.

"పెద్దాపరేషన్ అయింది." సిజేరియనా, గర్భసంచి తీశారా? పిల్లలు కలక్కుండా చేసే ఆపరేషన్‌ని ఊరికే "ఆపరేషన్" అంటారు. వయసు, పిల్లల సంఖ్య చూసినా కొన్నిసార్లు తేలదు. అప్పుడు డాక్టర్‌కి క్వెరీ పెట్టాలి, సొంతంగా రాయకూడదు.

"మోషన్స్ అవుతున్నాయి" అంటే విరేచనాలు. అమెరికా ఇంగ్లీషు నేర్చిన మెషిన్‌కి మోషన్ అంటే కదలిక.

"కళ్లు తిరిగాయి" అన్నమాట అన్నిటికంటే ప్రమాదం. గది తిరిగినట్టుందా అంటే వర్టిగో. కళ్లు చీకట్లు కమ్మి పడబోయాడా అంటే ప్రీ సింకపీ. ఒకటి చెవి డాక్టర్ దగ్గరికి, రెండోది గుండె డాక్టర్ దగ్గరికి వెళ్లే కేసు. అలాగే "గ్యాస్ పట్టేసింది". యాభై దాటిన షుగర్ పేషెంట్ గుండెల మీద చెయ్యి పెట్టుకుని అది అంటే "బ్లోటింగ్" అని రాయడం నేరం. పేషెంట్ మాటను ఉన్నదున్నట్టు కోట్‌లో పెట్టి, డాక్టరు ఏమనుకున్నాడో అసెస్‌మెంట్‌లో విడిగా ఉండాలి.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలు ఇంటర్‌ప్రెటర్ ద్వారా మాట్లాడే విజిట్లలోనూ ఇదే గొడవ. తెలుగు యాసలు, మెడికల్ ఇంగ్లీషు రెండూ వచ్చినవాళ్లు ఈ పని నేర్చుకుంటే వాళ్లని తీసేయడం తేలిక కాదు. ఎంటీ కోర్సుల్లో దీనికి ఒక్క పాఠం కూడా లేకపోవడం బాధగా ఉంది.

పెడల్_65:
@తెలుగు_ఓపీ గారూ, ఈ పోస్టు పైన పిన్ చేయాలి. "కాళ్లు లాగుతున్నాయి", "తిమ్మిరి" కూడా చేర్చండి. తిమ్మిరి కొందరికి స్పర్శ లేకపోవడం, కొందరికి సూదులు గుచ్చినట్టు ఉండటం.

ఇంటర్‌ఫేస్_డెస్క్:
ఇంకో పని కూడా మిగిలింది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. రిపోర్టు సరైన చార్టులో, సరైన ఎన్‌కౌంటర్ (ఆసుపత్రికి వచ్చిన ఆ విజిట్) మీద పడటం. ట్రాన్స్‌క్రిప్షన్ సిస్టమ్ నుంచి ఈహెచ్‌ఆర్‌కి రిపోర్టు హెచ్‌ఎల్7 (ఆసుపత్రి సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) ఎండీఎం మెసేజ్‌గా వెళ్తుంది. పేషెంట్ వివరాలు ఏడీటీ (అడ్మిషన్, డిశ్చార్జ్, ట్రాన్స్‌ఫర్) మెసేజ్‌ల ద్వారా ఇటు వస్తాయి. ఒకే మనిషికి ఒకేరోజు ఎమర్జెన్సీ విజిట్ ఒకటి, అడ్మిషన్ ఒకటి ఉంటే డాక్టరు జాబితాలో పైనున్నది నొక్కేస్తాడు. హెచ్ అండ్ పీ పోయి ఎమర్జెన్సీ విజిట్ మీద పడుతుంది, అడ్మిషన్ చార్టులో హెచ్ అండ్ పీ లేదని చూపిస్తుంది, బిల్లు ఆగిపోతుంది. రెండు ఎంఆర్ (మెడికల్ రికార్డు) నంబర్లు కలిపేసినప్పుడు పాత నంబరుతో ఉన్న రిపోర్టులు ఎర్రర్ క్యూలో పడి ఉంటాయి. ఆ క్యూ రోజూ తెరిచి చూసే మనిషి కావాలి. ఆడియో మొదట్లో డాక్టరు చెప్పే పేరు, పుట్టినతేదీ, సర్వీస్ తేదీ మూడూ స్క్రీన్‌తో కలిశాకే పని మొదలెట్టాలి. హెచ్‌ఎల్7 మెసేజ్‌లో పీఐడీ (పేషెంట్ వివరాలు), పీవీ1 (విజిట్ వివరాలు) సెగ్మెంట్లు చదవడం రెండు వారాల్లో వచ్చేస్తుంది. ఎంటీ అనుభవం ఉన్నవాళ్లు దీంట్లో బాగా రాణిస్తారు.

కోడింగ్_బల్ల:
అందరూ మెడికల్ కోడింగ్‌కి (బిల్లు కోసం జబ్బులకి, చికిత్సలకి కోడ్లు వేసే పని) వెళ్లమంటారు కాబట్టి ఒక హెచ్చరిక. కోడర్లకి సర్టిఫికెట్ ఇచ్చే ఏఏపీసీ వారి సీపీసీ పరీక్ష 100 ప్రశ్నలు, 4 గంటలు. అనుభవం లేకుండా పాసైతే పేరు పక్కన అప్రెంటిస్ అని ఉంటుంది. జబ్బుల కోడ్ల జాబితా ఐసీడీ 10 అమెరికాలో 2015 అక్టోబర్ 1న వచ్చింది, దాంట్లో 70,000కి పైగా కోడ్లు. అనాటమీ, రిపోర్టు చదివే అలవాటు ఉన్న ఎంటీకి ఇక్కడ సగం దారి కలిసొస్తుంది. అయితే సింపుల్ రేడియాలజీ, ల్యాబ్ కోడింగ్‌ని సాఫ్ట్‌వేర్ ఇప్పటికే చేసేస్తోంది. ట్రాన్స్‌క్రిప్షన్‌లో రేడియాలజీ ముందు పోయినట్టే ఇక్కడా పోతోంది. చేరితే ఇన్‌పేషెంట్, సర్జరీ, ఆడిట్ వైపు చూడండి. 2021 జనవరి నుంచి ఆఫీస్ విజిట్ (క్లినిక్‌లో డాక్టర్‌ని కలవడం) బిల్లు లెవెల్‌ని మెడికల్ డెసిషన్ మేకింగ్ లేదా సమయం మీద నిర్ణయిస్తున్నారు. ఏఐ నోట్ ప్లాన్‌ని పొడుగ్గా రాసి లెవెల్ పెంచేస్తే, అది ఆడియోలో నిజంగా జరిగిందా అని చెప్పగలిగేది విని రాసిన అనుభవం ఉన్నవాళ్లే.

వర్చువల్_స్క్రైబ్:
లైవ్ స్క్రైబ్ పని కూడా ఉంది. న్యూయార్క్ క్లినిక్ ఉదయం 8కి తెరిస్తే మనకి ఎండాకాలం సాయంత్రం 5:30, చలికాలం 6:30. డాలస్ అయితే ఒక గంట ఆలస్యం. ఏఐ డ్రాఫ్ట్ చేస్తుంటే పేషెంట్ గది దాటేలోపు దిద్ది డాక్టర్ ముందు పెట్టాలి. పెడల్ వెనక్కి తొక్కే వీలుండదు కాబట్టి ఎంటీగా ఎంత బాగా చేసినా దీనికి వేరే సాధన కావాలి.

ఒక్క మాట, ఎంత తొందరున్నా ఆడియో ముక్కను గానీ నోట్‌ని గానీ ఉచిత ఏఐ సైట్లో పేస్ట్ చేసి "సరిచేసి పెట్టు" అనకండి. పేరు తీసేశాం కదా అనుకుంటారు. అమెరికా వైద్య గోప్యతా చట్టం హిపా ప్రకారం తీయాల్సిన గుర్తులు 18, తేదీలు కూడా వాటిలోవే.

నైట్‌షిఫ్ట్_గుంటూరు:
అందరికీ కృతజ్ఞతలు. టైపింగ్ స్పీడు చూసి తీసుకునే కోర్సులకి వద్దని చెబుతాను. మరి ఒక పిల్లకో పిల్లాడికో ఈ తనిఖీ పనికి చెవి ఉందా లేదా అని ఫీజు కట్టకముందే తెలుసుకునే దారి ఉందా?

క్యూఏ_రెండోచెవి:
ఉందండీ. పేషెంట్ వివరాలేమీ లేకుండా, మీరే రాసుకున్న స్క్రిప్టుతో 7 నిమిషాల ఆడియో రికార్డు చేయండి. వెనక ఫ్యాను చప్పుడు ఉండనివ్వండి. దానికి చక్కని డ్రాఫ్ట్ రాసి 12 తప్పులు నాటండి: డోసువి 3, కుడి ఎడమ 2, "లేదు" తిరగబడినవి 3, ఆడియోలో లేని ఎగ్జామ్ 2, వదిలేసినవి 2. వాటితోపాటు నిజంగానే వినపడని చోటు ఒకటి. గంట సమయం ఇవ్వండి, డిక్షనరీ, మందుల పుస్తకం చూసుకోనివ్వండి. మెడికల్ మాటలు రావని మార్కులు తీయొద్దు, అవి ఆరు నెలల్లో వస్తాయి.

12లో 7 పట్టుకుంటే నేర్పించొచ్చు. వదిలేసిన రెంటిలో ఒకటైనా పట్టుకున్నవాళ్లని అసలు వదులుకోవద్దు. ఇక ఆ వినపడని చోట ఏం చేశారో విడిగా చూడండి. బ్లాంక్ వదిలి టైమ్ రాస్తే మంచిది. ఏదో ఒకటి ఊహించి నింపితే ఎందుకలా చేయకూడదో చెప్పి, వారం తర్వాత వేరే ఆడియోతో మళ్లీ పెట్టండి. రెండోసారీ నింపితే మిగతా మార్కులు ఎంత బాగున్నా ఈ పనికి పంపకండి.